మోగని రబ్బరు పైకప్పు

వినండి, కారని కప్పుల కింద కాళ్లు బారచాపుకొని కూర్చున్న పుణ్యాత్ములారా! ప్రజోత్పత్తి అనే ఆశాజనక నామధేయం గల సంవత్సరంలో, నిప్పులు చెరిగే జ్యేష్ఠమాసంలో, శుద్ధ ఏకాదశీ భానువాసర ప్రభాతాన, అర్పా నది తన నీళ్లన్నీ ఎక్కడో దాచుకుని లోకానికి ఇసుకను మాత్రమే చూపిస్తున్న వేళ, అహోరాత్ర శకటఘోష ప్రతిధ్వనిత దిగంతమూ, బొగ్గుధూళి ధూసరిత వస్త్రదండెమూ అయిన బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో, రెండు వందల పద్నాలుగో నంబరు క్వార్టరు పెరట్లో, ఒక సుత్తికీ ఒక రబ్బరుకూ నడుమ ఘోర సంగ్రామం జరిగింది. ఆ కథ చెబుతాను.

యుద్ధకథకు ముందు స్తుతి ఆచారం కనుక, రోజుకు ఒక్క గంట మాత్రమే దర్శనమిచ్చే కొళాయి తల్లికి మొదటి నమస్కారం. అడిగిన మరుక్షణం తన ఇత్తడి గుండిగను అరువిచ్చే పక్క క్వార్టరు మంగాయమ్మకు రెండో నమస్కారం. ఈ ఇద్దరి కటాక్షం లేనిదే ఈ కథలో విజయం లేదు.

ఇక నాయిక. పలాసపుర సంజాత, జీడితోటల గాలి పీల్చి పెరిగిన సుకుమారి, బి.ఎస్సీ. ద్వితీయశ్రేణి విభూషిత, నీలవేణి. ఆమెను వైశాఖంలో పెళ్లాడి తెచ్చుకున్న ధీరుడు ఇంజన్ల షెడ్డులో ఫిట్టరు, ప్రవీణ్. హిందీలో అనర్గళుడు, తెలుగులో అర్ధాక్షరుడు. పెళ్లికి ముందు ఆమె రాసిన పది పేజీల ఉత్తరాన్ని కూడబలుక్కుని చదవడానికి తనకు నాలుగు రోజులు పట్టిందనీ, అందువల్ల ప్రతి మాటా కంఠస్థమైపోయిందనీ అతడు చెప్పినప్పుడు, నీలవేణి ఆనందంతో ఉప్పు వేసిన పప్పులో మళ్లీ ఉప్పు వేసింది.

అయితే ఆ క్వార్టరుకు గది ఒక్కటే. ఆ గదిలో అత్తగారు అప్పయమ్మా, కోడలూ. పెరట్లో ఆకాశం కింద నులకమంచాల మీద మామగారు త్రినాథరావూ, కొడుకూ. పెళ్లయి ఇరవై మూడు రోజులు గడిచినా, ఆ దంపతుల ఏకాంతమంతా వంటింటి గుమ్మం దగ్గర టిఫిన్ క్యారేజీ చేతులు మారే అర నిమిషంలోనే ఇమిడిపోయేది. మూత సరిగ్గా పడలేదన్న నెపం మీద ఆ క్యారేజీని మూడుసార్లు విప్పి మూడుసార్లు బిగించి, అర నిమిషాన్ని రెండు నిమిషాలుగా సాగదీసిన యుద్ధనిపుణ నీలవేణి.

ముందు చూస్తే ఆషాఢం. ఆషాఢంలో కొత్త కోడలు అత్తవారింట ఉండరాదు. పాడ్యమికి ముందే పలాస నుంచి అన్నగారు వచ్చి ఆమెను పుట్టింటికి తీసుకుపోతాడు. లెక్క వేస్తే మిగిలినవి పద్దెనిమిది రోజులు. ఆ పద్దెనిమిది రోజుల కోసం ప్రవీణ్ పెరటివైపు మూడు గోడలు లేపాడు. నాలుగో వైపు తలుపుకు బదులు నీలవేణి నీలిపూల దుప్పటి వేలాడదీసింది. గోడల మీద సాల్ చెక్క పలకలు పరిచి, పలకల మీద, బొగ్గు గనుల్లో ఏళ్ల తరబడి బొగ్గు మోసి మోసి పదవీ విరమణ చేసి లాల్‌ఖదాన్ పాతసామాను కొట్టులో చుట్ట చుట్టుకుని పడుకున్న కన్వేయర్ బెల్టు రబ్బరును తెచ్చి కప్పించాడు.

కప్పినవాడు సర్కండా వంతెన అవతల టైర్లకు అతుకులు వేసే సన్యాసిరావు. పంక్చర్ల లోకంలో అతడు చక్రవర్తి, ఇంటికప్పుల లోకంలో కొత్తవాడు. అయినా వారం రోజులు ఆ కప్పు మీద బోర్లా పడుకుని, నాలుగు పట్టీలను మూడు అతుకులతో కలిపి, వాలు చూసుకుని పై పట్టీ అంచును కింది పట్టీ మీదికి బెత్తెడు ఎక్కించి, సొల్యూషను పూసి, లోపల గాలి బుడగ అన్నది మిగలకుండా సీసా దొర్లించి ఒత్తి, నాలుగు అంచుల వెంటా జానెడు ఎత్తుకు గట్టులా మడిచి, మూలల దగ్గర పసిబిడ్డకు పొత్తిగుడ్డ చుట్టినంత లాలనగా చుట్టాడు. నీళ్లు పోవడానికి ఒక మూల గొట్టం పెట్టాడు. చివరికి దిగి వచ్చి, కిందనుంచి పైకి చూసి, తన పనికి తనే దండం పెట్టుకున్నాడు.

కానీ ఆ ఇంట్లో ఏ వస్తువైనా వాడుకలోకి రావాలంటే త్రినాథరావు గారు 'ఫిట్' అనాలి.

ఎవరా త్రినాథరావు? ముప్పై నాలుగేళ్లు టీఎక్సారు. అంటే, బండి కదలకముందు దాని పక్కన నడుస్తూ, పొడుగు కర్ర సుత్తితో ఒక్కొక్క చక్రాన్నీ కొట్టి, ఆ మోత విని, దాని ఆరోగ్యం చెప్పే మహావైద్యుడు. చక్రం 'ఠణ్' అంటే ఫిట్, బండి కదలవచ్చు. 'ఠస్' అంటే ఎక్కడో పగులుంది; ఆ పెట్టె మీద సుద్దముక్కతో 'సిక్' అని రాస్తే, జనరల్ మేనేజరు వచ్చి బతిమాలినా అది కదలడానికి వీల్లేదు. రిటైరై ఉద్యోగం పోయినా సుత్తి పోలేదు. కుండలను కొట్టేవాడు, పుచ్చకాయలను కొట్టేవాడు, కొత్త మంచం కోళ్లను కొట్టేవాడు. కిందటి వారం కోతులు గంతులేసి పోయాక క్వార్టరు మీది పెంకులన్నిటినీ ఎక్కి ఒక్కొక్కటీ కొట్టి, అన్నీ ఠణ్మన్నాయని ఫిట్ రాసి దిగాడు. అంతెందుకు, పెళ్లిచూపుల్లో నీలవేణి మంచినీళ్లిచ్చినప్పుడు, అందరూ అమ్మాయిని చూస్తుంటే ఆయన ఆ ఇత్తడి గ్లాసును గోటితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని, "అచ్ఛా, ఫిట్" అన్నాడు. సంబంధం ఖాయమైంది ఆ మోతతోనే.

ఆదివారం ఉదయం ఆరున్నరకే ఆయన బయటికొచ్చాడు. జ్యేష్ఠమాసపు ఎండలో, మెడ దాకా గుండీలు పెట్టిన తన పాత తెల్ల డ్రిల్లు కోటు తొడుక్కుని, జేబులో సుద్దముక్క వేసుకుని, భుజాన సుత్తి పెట్టుకుని.

"ఆ కోటేటండీ బాబూ! ఉడికిపోతారు," అంది అప్పయమ్మ.

"ఇన్‌స్పెక్షన్ ఇన్‌స్పెక్షనే. బనీనుతో చేస్తారేటి?"

నిచ్చెన ఎక్కాడు. నీలవేణి దుప్పటి తెర చాటున నిలబడింది. సన్యాసిరావు తలగుడ్డ తీసి చేతుల్లో నలుపుకున్నాడు. ప్రవీణ్ నిచ్చెన పట్టుకుని పైకి చూశాడు. వీరులారా, ఆ క్షణాన దూరంగా యార్డులో షంటింగు ఇంజను కూడా కూత ఆపింది! సహస్రచక్ర శ్రవణ విశారదుని సుత్తి గాలిలో లేచింది, అర్ధచంద్రాకారంగా తిరిగింది, మొదటి పట్టీ మీద పడింది.

థప్.

ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. రెండో పట్టీ. థప్. మూడోది. థప్. నాలుగోది. థప్. అతుకు మీద కొట్టాడు, మూల మీద కొట్టాడు, నడిమధ్య కొట్టాడు. ఎక్కడ కొట్టినా ఆ నల్లని రబ్బరు, పగలు నిద్రపోతున్నవాడి వీపు మీద చరిచినట్టు, థప్ అని మాత్రమే అంది.

అప్పుడు త్రినాథరావు నిచ్చెన మీద నిటారుగా నిలిచి, నలుదిక్కులూ కలయజూసి, మేఘగంభీర స్వరంతో ఇలా పలికాడు: "ఓ నల్లని కప్పా! హౌరా నుండి బొంబాయి దాకా ఉరకలు వేసే లక్షోపలక్ష చక్రాలు నా సుత్తి తాకిడికి మారు పలికినవే! నీవు ఒక్కతెవే నా ముందు మౌనం వహింతువా? అంతరంగమున పగులు లేనిదే ఈ మూగతనం ఎక్కడిది? మోగని దానిని నమ్మి నా కన్నబిడ్డలను నీ కింద పడుకోబెట్టుదునా?"

ఇది కథకురాలి భాష. ఆయన నిజంగా అన్నది, "ఏటిది? డెడ్ సౌండు. సిక్."

అని జేబులోంచి సుద్దముక్క తీసి నాలుగు పట్టీల మీదా నాలుగు సార్లు 'సిక్' అని రాశాడు. నల్లని రబ్బరు మీద తెల్లని అక్షరాలు శత్రుసైన్యపు జెండాల్లా మెరిశాయి.

"బాబుగారూ," అని సన్యాసిరావు నిచ్చెన దగ్గరికి వచ్చాడు. "రబ్బరు మోగదు బాబూ. మోగితే అది రబ్బరు కాదు. మా తాత నాటి నుంచీ మోగలేదు."

"పాతికేళ్ల బ్రేకు పైపు కూడా ఒక మోత మోగుతాది. ఇది ఏటీ అనదు. ఏటీ అనని దాన్ని ఎలగ పాస్ చేస్తాం?"

అప్పయమ్మ నడుం మీద చెయ్యి వేసుకుంది. "ఓలమ్మో! మీ కాలి హవాయి సెప్పు మోగుతాదేటి? రోజూ దాని మీద నిలబడ్డం లేదా?"

త్రినాథరావు న్యాయబుద్ధి గలవాడు. నిచ్చెన దిగి, చెప్పు విప్పి, బండ మీద పెట్టి సుత్తితో కొట్టాడు. థప్. రెండోదీ కొట్టాడు. థప్.

"ఇవీ సిక్కే," అని వాటిని పక్కన పెట్టి, వట్టికాళ్లతో లోపలికి వెళ్లిపోయాడు.

వంటింట్లో ప్రవీణ్ తల పట్టుకున్నాడు. "నీలూ, ఛోడో. నాన్న ఏక్ బార్ సిక్ రాసేస్తే బస్, ఖతమ్. ఓ నెల ఆగుదాం. తర్వాత మూడ్ చూసి మళ్లీ అడుగుతా."

"నెల రోజులా? ఆషాఢం ఎప్పుడో తెలుసా మీకు?"

"ఆషాఢ్ అంటే... జూలై కదా?"

"జూలై పన్నెండు. మా అన్నయ్య పదకొండునే వచ్చేస్తాడు. నెల తర్వాత నేను పలాసలో ఉంటాను, మీరిక్కడ ఈ గదిలో ఒక్కరే పడుకుందురు గాని. నేను మళ్లీ పది పేజీల ఉత్తరం రాస్తాను. నాలుగు రోజులు చదువుకోండి."

ప్రవీణ్ ముఖం పంక్చరైన ట్యూబులా మెల్లగా దిగిపోయింది. అది చూసిన ఆ నవవధువు హృదయంలో వీరరసం పొంగింది. కొంగును నడుముకు చుట్టి ముడివేసి, గరిటెను ఖడ్గంలా ఎత్తి, ఆమె ఇలా ప్రతిజ్ఞ చేసింది: "ఓ కొళాయీ, ఓ గుండిగా, ఓ అట్లకాడా, మీరు సాక్షులు! నేటి సూర్యుడు పడమటి సిగ్నలు స్తంభం వెనక్కు దిగేలోగా, ఆ నాలుగు సిక్కులనూ చెరిపించి, ఆ మూడు గోడల నడుమ నా మంచం వేయించనిచో, నేను జీడిపప్పు పాకం ముట్టను!" ఆమెకు ఎంతో ఇష్టమైన వస్తువు అది. ఇంతకన్నా భీషణమైన శపథం పలాసలో లేదు.

తర్వాత ముడి విప్పి, కొంగు భుజాల మీదుగా నిండుగా కప్పుకుని, మామగారి ముందుకు వెళ్లి తల వంచుకుని నిలబడింది.

"మావయ్యగారూ, ఒక మాట అడగనా?"

"అడుగమ్మా."

"చక్రం పని తిరగడం. పగులుంటే మోతలో తెలిసిపోద్ది. కప్పు పని నీళ్లు ఆపడం కదండీ. దాన్ని నీళ్లతోనే అడిగితే?"

త్రినాథరావు పేపరు దించాడు. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఆయనను పద్ధతి గురించి ఇంత మర్యాదగా ఎవరూ ప్రశ్నించలేదు.

"అంటే?"

"గొట్టం మూసేసి, పైన రెండు అంగుళాలు... పోనీ, ఒక అంగుళం నీళ్లు నిలబెడదాం. మీరు ఎంతసేపంటే అంతసేపు. చుక్క కింద పడిందా, సిక్. పడలేదా..."

"మూడు గంటలు," అన్నాడాయన వెంటనే. తర్వాత వేలెత్తాడు. "గాని అమ్మాయ్, సాక్ష్యం ఏటి? ఈ ఎండలో గచ్చు మీద చుక్క పడితే నిమిషంలో ఆరిపోద్ది. నేను అటు తిరిగినప్పుడు పడితే? రిపోర్టు తప్పయిపోదా?"

ఇది న్యాయమైన అభ్యంతరం. నీలవేణి కళ్లు గది నాలుగు మూలలూ వెతికాయి. గుమ్మం పక్కన, రోజూ పొద్దున్నే చేతిలోకి తీసుకునే డబ్బా మీద ఆగాయి.

"ముగ్గుపిండి!" అంది, మర్యాద మరిచిపోయి అరుస్తూ. "జల్లెడ పట్టి గచ్చంతా పలచగా చల్లేస్తానండీ. చిన్న చుక్క పడినా గుంట పడిపోద్ది. ఆరినా గుంట పోదు. అదే సాక్ష్యం!"

త్రినాథరావు గోటితో పక్కనున్న గ్లాసును మీటాడు. అది ఠణ్మంది.

"అచ్ఛా," అన్నాడు. "ఒక్క చుక్క. ఒక్కటే. పడిందంటే ఆషాఢం దాటేవరకూ ఈ మాట మళ్లీ ఎత్తొద్దు."

ఇలా యుద్ధ నియమాలు స్థిరపడ్డాయి.

ఏడు గంటలకు కొళాయి తల్లి ముక్కుతో బుసకొట్టి, దగ్గి, కరుణించింది. ఆహా, ఆ జలసేకరణ మహోత్సవాన్ని ఏమని వర్ణింతును! అప్పయమ్మ కొళాయి కింద కూర్చుని బిందె తీయడం, బకెట్ పెట్టడం. నీలవేణి బకెట్ ఎత్తి నిచ్చెన దాకా పరుగెత్తడం. ప్రవీణ్ అందుకుని పైకి ఎక్కడం. పైన సన్యాసిరావు తన తలగుడ్డను గొట్టంలో బిగించి కుక్కి, అంచుల వెంట నీటిని నిదానంగా పోయడం. సగం పనిలో బకెట్లు చాలక, నీలవేణి గోడ అవతలికి కేక వేయగా, మంగాయమ్మ గుండిగ గోడ మీదుగా సూర్యబింబంలా ఉదయించింది. బకెట్ ఇచ్చేటప్పుడు ప్రవీణ్ వేళ్లు నీలవేణి వేళ్లకు తగిలేవి. పదమూడు బకెట్లకు పదమూడు సార్లు. పద్నాలుగోది అవసరం లేదని సన్యాసిరావు పైనుంచి చెప్పినా, ఆమె ఇంకొకటి తెచ్చింది.

తర్వాత కింద, మూడు గోడల మధ్య, నీలవేణి జల్లెడ పట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తూ ముగ్గుపిండి చల్లింది. ఒక్క అడుగు జాడ లేకుండా, మంచు కురిసినట్టు, గచ్చంతా తెల్లబడింది. గుమ్మంలో త్రినాథరావు స్టూలు వేసుకుని, కోటు గుండీలు సరిచూసుకుని, గడియారం మణికట్టు మీదికి తిప్పుకుని కూర్చున్నాడు. ఎనిమిది గంటల నాలుగు నిమిషాలు.

మొదటి గంట ప్రశాంతం. రెండో గంటలో కాకుల దండు దిగింది. ఊరంతా ఎండిపోయిన రోజున ఒకరి కప్పు మీద చెరువు వెలిసిందన్న వార్త వాటికెలా తెలిసిందో గాని, అవి కుటుంబ సమేతంగా వచ్చి, మునిగి, తేలి, రెక్కలు విదిలించుకుని, "మళ్లీ వస్తాం" అన్నట్టు అరుస్తూ వెళ్లాయి. పిండి మీద ఒక్క గుంట లేదు. మూడో గంటలో కోర్బా వైపు నుంచి బొగ్గు గూడ్సు వచ్చింది. దాని బరువుకు గోడలు గజగజలాడాయి, తలుపు గడియ తనంతట తానే గలగలమంది, పైన చెరువులో అలలు లేచాయి. సన్యాసిరావు కళ్లు మూసుకుని, సింహాచలం కొండ మొక్కు ఒకటి మొక్కుకున్నాడు. పెట్టె వెంట పెట్టె, పెట్టె వెంట పెట్టె. గార్డు డబ్బా వెళ్లిపోయింది. పిండి చలించలేదు.

పదకొండు గంటల నాలుగు నిమిషాలు. త్రినాథరావు లేచాడు. మోకాళ్ల మీద చేతులు ఆనించి, గుమ్మంలోంచి ముందుకు వంగి, కుడినుంచి ఎడమకు, ఎడమనుంచి కుడికి పరికించాడు. గుమ్మానికి మూరెడు దూరంలో ఆయన చూపు ఆగింది.

"ఇదేటి?"

తెల్లని పిండిలో, కందిగింజంత గుంట.

పద్దెనిమిది రోజులూ పద్దెనిమిది గూడ్సు పెట్టెల్లా నీలవేణి కళ్లముందు నుంచి ఖాళీగా వెళ్లిపోయాయి. సన్యాసిరావు గోడకు జారగిలబడి, "అక్కడ అతుకే లేదు బాబూ, అక్కడ అతుకే లేదు!" అని గొణిగాడు. ప్రవీణ్ "అరే యార్" అని మాత్రం అనగలిగాడు.

"చుక్క చుక్కే," అన్నాడు త్రినాథరావు. ఆయన గొంతులో గెలుపు లేదు; నిజానికి కొంత దిగులే ఉంది. ఇంకా దగ్గరగా చూడడానికి మరింత వంగాడు.

అప్పుడు, అందరూ చూస్తుండగా, ఆ గుంట పక్కనే ఇంకొక గుంట పడింది.

నీలవేణి చటుక్కున పైకి చూసింది. సాల్ పలకలు ఎండి, పొడిగా, బొగ్గుబస్తా అంత నిశ్చింతగా ఉన్నాయి. ఆమె చూపు మెల్లగా కిందికి దిగింది. పలక నుంచి గోడకు, గోడ నుంచి మామగారి నెత్తికి, నెత్తి నుంచి నుదుటికి, నుదుటి నుంచి, జ్యేష్ఠమాసంలో మెడ దాకా గుండీలు పెట్టుకుని మూడు గంటలు కూర్చున్న మహానుభావుని నాసికాగ్రానికి. అక్కడ మూడో చుక్క తయారవుతోంది.

కారుతున్నది కప్పు కాదు. పరీక్షాధికారి!

ఆ రహస్యం తెలిసినా, చెప్పడమెలా? ఏ శాస్త్రం చదివిన కోడలైనా, పెళ్లయి నెల తిరగకముందే, మామగారి ముఖం మీద "మీ ముక్కు కారుతోంది" అని అనగలదా? నిజం చెబితే మర్యాద పోతుంది, చెప్పకపోతే మంచం పోతుంది. ఈ ఉభయసంకటంలో ఒక్క నిమేషకాలం నిలిచి, ఆమె గిరుక్కున తిరిగి, దండెం మీది తువ్వాలును లాగి, మడత పెట్టి, రెండు చేతులతో మామగారికి అందించింది.

ఆయన ఆశ్చర్యంగా తీసుకున్నాడు. ముఖం తుడుచుకున్నాడు. మెడ తుడుచుకున్నాడు. మళ్లీ వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. మూడో గుంట పడలేదు.

తువ్వాలు వైపు చూశాడు. పలకల వైపు చూశాడు. తన కోటు వైపు చూశాడు. కొండను తవ్వుతున్నవాడికి లోపల తన ఇంటి వాకిలే కనిపించినట్టు, ఆయన ముఖంలో ఒక్కొక్క రేఖా విచ్చుకుంది.

"రిపోర్టు తప్పు రాయకూడదు," అన్నాడు చివరికి. "ఆ రెండు చుక్కలూ కప్పువి కావు. నావి."

"నాను పొద్దున్నే సెప్పినాను, కోటు ఇప్పండని," అంది అప్పయమ్మ. "ముందు మిమ్మల్ని రాయాల సిక్కని."

ఆయన నిచ్చెన ఎక్కాడు. సన్యాసిరావు తలగుడ్డ లాగగానే నీళ్లు గొట్టం గుండా పెరట్లోని గోంగూర మొక్కల మీదికి జయఘోషతో దూకాయి. అదే తువ్వాలుతో త్రినాథరావు, నీళ్లకు నాని మసకబారిన నాలుగు సిక్కులనూ తుడిచాడు. ముప్పై నాలుగేళ్లలో తన రాత తను చెరపడం ఆయనకిదే మొదటిసారి. చెరిపిన చోట, గుండ్రని అక్షరాలతో, 'ఫిట్' అని రాసి, కింద పొట్టి సంతకం, తేదీ వేశాడు. దిగి వచ్చి సన్యాసిరావు భుజం మీద చెయ్యి వేసి, "మంచి పని. మోత లేదు గాని, మంచి పని," అన్నాడు. సన్యాసిరావు తడి తలగుడ్డనే తలకు చుట్టుకుని, ఏడుస్తున్నాడో గుడ్డే కారుతోందో తెలియని ముఖంతో వంతెన వైపు వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం మంచం చేరింది. నీలవేణి దుప్పటి పరిచింది, తీసింది, తిప్పి పరిచింది. గోడకు చిన్న అద్దం తగిలించింది. తన ముఖం చూసుకుని తనే నవ్వుకుంది. ప్రవీణ్ క్యారేజీ లేకుండానే ఆమె పక్కన రెండు నిమిషాలు నిలబడ్డాడు.

కథ ఇక్కడ ముగియవలసింది. కానీ ఆకాశానికి ఆహ్వానం అందినట్టుంది. సాయంత్రం అయిదింటికి కోని వైపు నుంచి నల్లని మేఘవ్యూహం కదలివచ్చి, ఉరిమి, మెరిసి, ఆ ఏటి మొదటి వానను ధారలుగా విడిచింది. రబ్బరు కప్పు మీద చినుకులు పడుతుంటే థప్ థప్ థప్ థప్ అని వంద సుత్తుల ఇన్‌స్పెక్షన్. నలుగురూ కింద నిలబడి పైకి చూశారు. ఒక్క చుక్క లేదు.

అంతలో గదిలోంచి వేరే శబ్దం వినిపించింది. టప్. తర్వాత ఇంకో చోట, టప్. మూడో చోట, సరిగ్గా త్రినాథరావు గారు వానాకాలంలో పడుకునే మంచం నడిమధ్య, టపటపటప. కోతులు పెంకులను జరిపేశాయి. ఒక్కొక్క పెంకూ ఠణ్మని మోగింది, నిజమే; కానీ ఒకదాని మీద ఒకటి ఉందా లేదా అని వాటిని ఎవరూ అడగలేదు.

త్రినాథరావు గుమ్మంలో నిలబడి, కారుతున్న తన ఫిట్‌ను ఒకసారి, కారని తన సిక్‌ను ఒకసారి చూసుకున్నాడు.

అప్పయమ్మ అందుకుంది. "ఏటి సూస్తారు అలగ? మీకసలే రొంప. ఆ గదిలో తడిసి చస్తారేటి? రండి, మనిద్దరం ఈ రబ్బరు కింద పడుకుందుం. కుర్రోళ్లు, ఆళ్లకేటవుద్ది? ఆ గదిలో సర్దుకుంతారు."

ఆ కప్పు కోసం కదా నీలవేణి పదమూడు, కాదు, పద్నాలుగు బకెట్లు మోసింది! ఆ మూడు గోడల కోసం కదా జీడిపప్పు పాకాన్ని పణంగా పెట్టింది! తన అద్దం, తన నీలిపూల దుప్పటి, తన తెర... తెర దగ్గర ఆమె ఆలోచన టక్కున ఆగింది.

రబ్బరు కప్పు గదికి తెర. పెంకుల గదికి తలుపు.

తల ఎత్తింది. అత్తగారు ఆమెవైపు చూడకుండా, మామగారి దిండు గలీబు సరిచేస్తూ, మూతి బిగించి నవ్వు ఆపుకుంటోంది.

సంజెవెలుగు ఇంకా మిగిలి ఉండగానే మంచాలు తారుమారయ్యాయి. నీలవేణి మంగాయమ్మ గుండిగను మొదటి చుక్క కింద, బకెట్‌ను రెండో చుక్క కింద, గిన్నెను మూడో చుక్క కింద పెట్టి, నడుమ మిగిలిన పొడిచోటులోకి తమ మంచాన్ని అడ్డంగా లాగింది. సరిగ్గా పట్టింది. ప్రవీణ్ గుమ్మం దాటి లోపలికి వచ్చి, ఏం చెయ్యాలో తెలియక అద్దం పట్టుకుని నిలబడ్డాడు. ఆమె తలుపు దగ్గరకు వేసి, పాత ఇనప గడియను రెండు చేతులతో తోసింది.

ఠణ్!

పగులు లేని చక్రంలా, పొద్దున్నుంచీ ఆ సుత్తికి దొరకని స్వచ్ఛమైన మోత. గది దాటి, వంటిల్లు దాటి, నీలిపూల తెర దాటి వెళ్లింది. అవతల రబ్బరు కప్పు కింద, కళ్లు మూసుకుని పడుకున్న త్రినాథరావు ముప్పై నాలుగేళ్ల అలవాటు చొప్పున గట్టిగా, "ఫిట్!" అన్నాడు.

"ఊరుకోండి!" అంది అప్పయమ్మ.

ఈ విధంగా పలాసపుర సంజాత నీలవేణి, ప్రజోత్పత్తి సంవత్సరపు తొలి వానలో, మూడు చోట్ల కారే ఒక గదినీ, మంచం పట్టేంత పొడిచోటునూ, ఒక ఇనప గడియనూ పద్దెనిమిది రోజుల పరిపాలనకు గెలుచుకుంది. ఈ గాథ విన్నవారి పెంకులను కోతులు ముట్టవు. చదివినవారి కొళాయి గంటంబావు వస్తుంది. నమ్మినవారికి గుండిగ అరువిచ్చే పొరుగు దొరుకుతుంది. మంగాయమ్మ గుండిగ మాత్రం ఆషాఢం వచ్చేదాకా ఆమెకు తిరిగి అందలేదు.